ఎస్‌బిల్డ్‌తో సొంత బిల్డ్ సర్వర్

డెబియన్ అనే లినక్స్ వ్యవస్థ అధికారిక బిల్డ్ సర్వర్లలో (సోర్స్ కోడ్ నుంచి ప్యాకేజీలు తయారుచేసే సర్వర్లలో) నడిచే ఎస్‌బిల్డ్ అనే సాధనాన్ని మా చిన్న సర్వర్‌లో అమర్చుకున్న తరువాత, సొంత కంప్యూటర్‌లోనే ప్యాకేజీలు తయారుచేసే పాత పద్ధతికి తిరిగి వెళ్లాలని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. ప్రతి ప్యాకేజీకీ కనీస వ్యవస్థ మాత్రమే ఉన్న కొత్త సీహెచ్‌రూట్‌ను (మిగతా వ్యవస్థ నుంచి వేరుగా ఉండే చోటును) తెరిచి, ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైల్‌లో, తయారీకి కావలసినవాటిని చెప్పే బిల్డ్-డిపెండ్స్ వరుసలో రాసినవాటిని మాత్రమే అందులో ఇన్‌స్టాల్ చేసి, పని ముగియగానే అంతా తుడిచివేయడమే దీని అసలు బలం. నా సొంత కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి సాఫీగా తయారైన ప్యాకేజీ ఒకటి ఇక్కడ మొదటి నిమిషంలోనే ఆగిపోయింది. లాగ్ తెరిచి చూస్తే, ఆ వరుసలో లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ పేరు చేర్చనే లేదని తేలింది. సీహెచ్‌రూట్‌ను మామూలు యూజర్‌గానే తెరిచే అన్‌షేర్ పద్ధతిని ఎంచుకుంటే రూట్ (అడ్మిన్) అధికారం అక్కరలేదు గాని, మన యూజర్ పేరు, అదనపు ఐడీలను కేటాయించే సబ్‌యూఐడీ, సబ్‌జీఐడీ ఫైళ్లలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. కొత్త సోర్స్ రాగానే ఎస్‌బిల్డ్‌ను నడిపే స్క్రిప్టును, తయారైన ప్యాకేజీలను రిపాజిటరీగా (ఇన్‌స్టాల్ చేసుకునేందుకు వీలైన భండారంగా) పేర్చే రెప్రెప్రో అనే సాధనాన్ని మనమే జతచేసుకోవాలి.