లిస్బన్ కౌంటర్‌లో పోయిన డబ్బు, ఎవోరాలో దొరికిన కొత్తిమీర

పోర్చుగల్ వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నా, ఆన్‌లైన్‌లో అద్దె కారు చవగ్గా దొరికిందని సంబరపడకండి. 2024 మేలో ఐదు రోజులకు 118 యూరోలకు బుక్ చేసుకుని లిస్బన్‌లో దిగాం. ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకోకపోతే క్రెడిట్ కార్డు మీద 1,400 యూరోలు బ్లాక్ చేస్తామంది కౌంటర్‌లో అమ్మాయి. కార్డులో అంత లిమిట్ లేదు. విడిగా కొనుక్కున్న ఇన్సూరెన్స్ కాగితం చూపిస్తే కనీసం చేత్తో ముట్టుకోలేదు. వెనక లైను పెరిగిపోతోంది. అమ్మ సూట్‌కేసు మీద కూలబడి, "ఇంకా ఎంతసేపే?" అంటోంది. చివరికి వాళ్ల ఇన్సూరెన్స్‌కే రోజుకు 29 చొప్పున ఇంకో 145 కట్టాం. 118 కాస్తా 263 అయింది. మేం వెళ్లాల్సిన పాత ఊరు ఎవోరా చేరేదాకా మా ఆయన నోరు విప్పితే ఒట్టు.

డిపాజిట్ ఎంతో బుకింగ్ షరతుల్లోనే చూసుకోండి. ఎవోరా ఒక్కటే చూసేవాళ్లకు అసలు కారే వద్దు, లిస్బన్ నుంచి రైల్లో సుమారు గంటన్నర.

ఊళ్లో రోమన్ల గుడి, గోడల నిండా మనుషుల ఎముకలు పేర్చిన చాపెల్ ఒక్క పూటలో అయిపోయాయి. అమ్మ చాపెల్ గడప తొక్కలేదు.

ఆవిడ శాకాహారి. రెండు రోజులుగా బ్రెడ్డూ అరటిపండ్లే. ఏ మెనూ చూసినా ఎండు కాడ్ చేప, పంది మాంసం. ఒక చిన్న హోటల్లో మా అవస్థ చూసి, వంటావిడ 'అసోర్ద' చేసిస్తానంది. వెల్లుల్లి, రాళ్ల ఉప్పు, కొత్తిమీర రోట్లో నూరి, ఆలివ్ నూనె కలిపి, మరిగిన నీళ్లు పోసి, నిన్నటి రొట్టె ముక్కలు అందులో వేస్తారు. పైన గుడ్డు ఉంటుంది. కొన్నిచోట్ల చేప ఉడికించిన నీళ్లు పోస్తారు, కాబట్టి గుడ్డు వద్దనీ మామూలు నీళ్లే పోయమనీ గట్టిగా చెప్పండి.

గిన్నె బల్ల మీద పెట్టగానే కొత్తిమీర వాసన గుప్పుమంది. "ఇది మన చారే కదే!" అని అమ్మ చెంచా పక్కన పెట్టి గిన్నె ఎత్తి తాగేసింది. ధర 8 యూరోలు. తర్వాత వంటావిడ అమ్మని వంటింట్లోకి తీసుకెళ్లి రోలు చూపించింది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పావుగంట మాట్లాడుకున్నారు.

అడక్కుండా తెచ్చే రొట్టె, ఆలివ్‌లు మాత్రం ఉచితం కాదు. వద్దనుకుంటే ముట్టకుండా తిప్పి పంపేయండి.

తీరానికి వెళ్లే దారంతా కార్క్ చెట్లే, సీసా బిరడాలు చేసేది వీటి బెరడుతోనే. బెరడు ఒలిచిన మానులు ఎర్రమట్టి రంగులో, వాటి మీద తెల్లటి అంకె. ఒలిచిన ఏడాది చివరి అంకె అది. మేం చేత్తో తడిమిన చెట్టుకు 3 అని ఉంది, అంటే 2023. తొమ్మిదేళ్లకోసారి ఒలుస్తారు కాబట్టి మళ్లీ 2032లోనే.

తీరంలోని విలా నోవా ద మిల్‌ఫొంతెస్ అనే ఊళ్లో గది 70 యూరోలకు దొరికింది, శుభ్రంగా ఉంది. అక్కణ్నుంచి సముద్రపు అంచున కొండకొన కాబో సర్దావ్‌కి తప్పకుండా వెళ్లండి. కింద అలలు విరిగిపడుతుంటే, నీళ్లలో నిలువుగా లేచిన రాళ్ల మీద తెల్లకొంగలు గూళ్లు కట్టుకున్నాయి. గాలికి పిల్లలు ఎక్కడ పడిపోతాయోనని అమ్మకు ఒకటే టెన్షన్. తల్లికొంగ ఎగిరొచ్చి గూట్లో వాలేదాకా మమ్మల్ని కారెక్కనివ్వలేదు.