వయసు మీరిన బాస్కెట్‌బాల్ జట్టు: సీనియర్లను అమ్మడం మేలా, నిలుపుకోవడం మేలా?

2013 వేసవిలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని రెండు పాత ప్రత్యర్థి జట్లు ఒకే చిక్కులో పడ్డాయి. బోస్టన్ సెల్టిక్స్, లాస్ ఏంజెలెస్ లేకర్స్ ఫైనల్స్‌లో రెండుసార్లు తలపడి, 2008లో ఒకరు, 2010లో మరొకరు టైటిల్ గెలుచుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి రెండు జట్ల ముఖ్య ఆటగాళ్లకూ వయసు మీద పడింది, రెండూ 2013 ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే నాకౌట్ పోటీలు) తొలి రౌండ్‌లోనే ఇంటిదారి పట్టాయి. అప్పుడు బోస్టన్ తన సీనియర్లను అమ్మేసింది, లేకర్స్ తన సీనియర్‌ను అట్టే పెట్టుకుంది. జట్టు ముసలిదైతే ఏం చేయాలన్న ప్రశ్నను తేల్చుకోవడానికి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు సరిపోతుంది. మూడో దారి పట్టిన శాన్ ఆంటోనియో స్పర్స్‌ను కూడా వాటి పక్కన నిలబెట్టక తప్పదు.

బోస్టన్ బేరంలో వివరాలే అసలు విషయం. 37 ఏళ్ల కెవిన్ గార్నెట్, 35 ఏళ్ల పాల్ పియర్స్, వారితోపాటు జేసన్ టెర్రీ బ్రూక్లిన్ నెట్స్‌కు వెళ్లారు. బదులుగా బోస్టన్‌కు వచ్చిన ఆటగాళ్లలో చెప్పుకోదగినవారు లేరు. జనరల్ మేనేజర్ డానీ ఐంజ్ కన్నంతా డ్రాఫ్ట్ పిక్‌ల మీదే ఉంది, అంటే ఏటా కొత్త యువ ఆటగాళ్లను వరుసలో ఎంచుకునే హక్కుల మీద; ఎక్కువ ఓడిన జట్టుకు సాధారణంగా వరుసలో ముందు చోటు దక్కుతుంది. రాబోయే వరుస సంవత్సరాల తొలి రౌండ్ పిక్‌లను ఇచ్చివేయకూడదని లీగ్ నిబంధన ఉండటంతో ఆయన 2014, 2016, 2018 పిక్‌లను అడిగి తీసుకుని, మధ్యలోని 2017కు తమ పిక్‌ను బ్రూక్లిన్ పిక్‌తో మార్చుకునే హక్కు రాయించుకున్నాడు. ఈ పిక్‌లకు రక్షణ షరతులు లేవు. అంటే బ్రూక్లిన్ ఎంత అడుగుకు పడిపోయినా, ఆ పిక్ ఎంత విలువైనదిగా మారినా బోస్టన్‌కు ఇచ్చి తీరవలసిందే.

బ్రూక్లిన్ పడిపోయింది. తొలి ఏడాది 44 మ్యాచ్‌లు గెలిచి, రెండో రౌండ్‌లో మయామీ చేతిలో ఓడింది. ఆ వేసవిలోనే పియర్స్ వాషింగ్టన్‌కు వెళ్లిపోయాడు, మరుసటి ఫిబ్రవరిలో గార్నెట్‌ను మిన్నెసోటాకు పంపేశారు. 2015-16లో 21 విజయాలు, ఆ తరువాతి ఏడాది 20. ఈ రెండు దుర్భర సీజన్ల ఫలం బోస్టన్ ఖాతాలో పడింది: 2016లో మూడో పిక్‌తో జేలెన్ బ్రౌన్ వచ్చాడు, 2017లో మార్పిడి హక్కుతో దక్కిన మొదటి పిక్‌ను ఫిలడెల్ఫియాకు ఇచ్చి, మూడో పిక్‌తోపాటు మరో తొలి రౌండ్ పిక్‌ను కూడా రాబట్టి, ఆ మూడో పిక్‌తో జేసన్ టాటమ్‌ను ఎంచుకుంది. ఆ ఇద్దరూ 2024లో సెల్టిక్స్‌కు టైటిల్ తెచ్చారు, ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా బ్రౌన్ నిలిచాడు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. మొదటి పిక్ దక్కిన 2016-17 సీజన్‌లో బోస్టన్ చిత్తుగా ఓడుతున్న జట్టు కాదు. 53 మ్యాచ్‌లు గెలిచి, లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన ఈస్ట్‌లో అగ్రస్థానంలో ఉంది. ఆ బేరం (ట్రేడ్) తరువాత అది ప్లేఆఫ్స్‌కు దూరమైంది 2013-14 ఒక్క సీజన్‌లోనే. సీనియర్లను అమ్మడమంటే ఏళ్ల తరబడి ఓడిపోవడమనే భయం బోస్టన్ విషయంలో నిజం కాలేదు. ఓటములన్నీ బ్రూక్లిన్ భరించింది, ఫలం మాత్రం బోస్టన్ తిన్నది. గాలి ఉండగానే తూర్పారబట్టుకోవాలన్న మాట ఐంజ్‌కు తెలియకపోవచ్చు గాని, ఆయన చేసింది మాత్రం అదే.

అయితే ఇందులో అదృష్టం పాలు తక్కువేమీ కాదు. 2014 పిక్‌తో వచ్చిన జేమ్స్ యంగ్ ఎన్‌బీఏలో నిలదొక్కుకోలేదు. అన్నిటికీ మించి, 37 ఏళ్ల గార్నెట్‌తో టైటిల్ కొట్టేయవచ్చని నమ్మి, జీతాలు పరిమితి దాటినందుకు లీగ్ విధించే లగ్జరీ టాక్స్ కింద సుమారు 9 కోట్ల డాలర్లు చెల్లించడానికి సిద్ధపడే, బ్రూక్లిన్ అధిపతి మిఖాయిల్ ప్రోఖొరోవ్ వంటి యజమాని ప్రతి వేసవిలోనూ ఎదురుపడడు. ట్రేడ్‌ను అడ్డుకునే హక్కు కాంట్రాక్టులోనే ఉన్న గార్నెట్ దాన్ని వదులుకోకపోతే ఆ బేరం అసలు జరిగేదే కాదు.

ఇక లేకర్స్ సంగతి. 2013 ఏప్రిల్ 12న గోల్డెన్ స్టేట్‌పై ఆడుతుండగా 34 ఏళ్ల కోబీ బ్రయంట్ మడమ వెనుక స్నాయువు తెగింది. ఆ కాలితోనే గీత దగ్గరకు నడిచి, రెండు ఫ్రీ త్రోలూ వేసి మరీ కోర్టు దిగాడు. ఏడు నెలల తరువాత, అతను మళ్లీ ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, యాజమాన్యం 4.85 కోట్ల డాలర్లతో రెండేళ్ల కాంట్రాక్టు పొడిగింపు ఇచ్చింది. డిసెంబరులో తిరిగి వచ్చి ఆరు మ్యాచ్‌లు ఆడాడో లేదో మోకాలి ఎముక విరిగింది. జట్టు వరుసగా 27, 21, 17 విజయాలకు దిగజారింది. 2016 ఏప్రిల్ 13న చివరి మ్యాచ్‌లో కోబీ 50 షాట్లు వేసి 60 పాయింట్లు సాధించిన తీరును ఏ అభిమానీ మరువడు. ఆ రాత్రి కోసమే ఆ మూడేళ్లనూ సహించవచ్చని వాదించేవారున్నారు. టికెట్లు కొని చూసినవారి దృష్టిలో అది తీసిపారేయదగిన వాదన కాదు.

లెక్క ప్రకారం చూస్తే లేకర్స్ వరుసగా ఆరు సీజన్లు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. అయినా టైటిల్ మాత్రం బోస్టన్ కంటే నాలుగేళ్లు ముందే, 2020లో గెలిచింది. దీన్ని చూపి, నిలుపుకున్నా నష్టమేమీ లేదనడం తొందరపాటు. ఓటముల వల్ల దక్కిన బ్రాండన్ ఇంగ్రమ్, లాంజో బాల్ వంటి యువకులను ఇచ్చి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకున్న మాట నిజమే. కానీ అంతకుముందే, 2018లో, లీగ్‌లోని మేటి ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ తన ఇష్టంతో లాస్ ఏంజెలెస్‌కు వచ్చి చేరాడు. మిల్వాకీ, ఇండియానాపొలిస్ వంటి చిన్న ఊళ్ల జట్లు అటువంటి రాకను నమ్ముకుని ప్రణాళిక వేసుకోలేవు.

మూడో దారి శాన్ ఆంటోనియోది. 2011లో వెస్ట్ విభాగంలో అగ్రస్థానంలో ఉండి కూడా ఎనిమిదో స్థానపు మెంఫిస్ చేతిలో ఓడినప్పుడు స్పర్స్ పని అయిపోయిందనే అందరూ అన్నారు. వారు టిమ్ డంకన్‌ను గాని, మాను జినోబిలీని గాని, టోనీ పార్కర్‌ను గాని వదులుకోలేదు. అందరూ ఇష్టపడే జార్జ్ హిల్‌ను మాత్రం ఇండియానాకు ఇచ్చి, ఆ ఏటి 15వ పిక్ అయిన కవై లెనర్డ్‌ను తీసుకున్నారు. సీనియర్ల కాళ్లను కోచ్ గ్రెగ్ పోపోవిచ్ పొదుపుగా వాడాడు. 2012 నవంబరులో మయామీతో మ్యాచ్‌కు ముందే ముఖ్యులను ఇంటికి పంపినందుకు లీగ్ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసినా ఆయన పద్ధతి మారలేదు. 2013-14లో ఆ జట్టులో ఏ ఒక్కరూ సగటున 30 నిమిషాలు ఆడలేదు. అయినా 62 మ్యాచ్‌లు గెలిచి, 38 ఏళ్ల డంకన్‌తో టైటిల్ అందుకున్నారు. ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడు 22 ఏళ్ల లెనర్డ్.

ఈ దారికీ మూల్యం ఉంది. 2018లో లెనర్డ్ కోరి మరీ జట్టు వీడాడు, 2020లో స్పర్స్ 22 ఏళ్ల ప్లేఆఫ్స్ పరంపర తెగిపోయింది. అయినా 2011లో అమ్మేసి ఉంటే 2014 టైటిల్ ఉండేది కాదు కాబట్టి, ఆ మూల్యం చెల్లించదగినదే అంటాను.

మంచి పిక్‌ల కోసం కావాలని అట్టడుగున ఉండే ఫిలడెల్ఫియా పద్ధతిని నేను ఈ పోలికలో లెక్కలోకి తీసుకోను. 2013 నుంచి మూడు సీజన్లలో మొత్తం 47 విజయాలతో సరిపెట్టుకున్న ఆ జట్టు 2025 వరకు కాన్ఫరెన్స్ ఫైనల్స్‌కు (విభాగపు తుది పోరుకు) చేరనేలేదు. 2019 నుంచి ముందు పిక్‌లు ఎవరికో తేల్చే లాటరీ నియమం కూడా మారింది: అప్పటివరకు చివరి స్థానపు జట్టుకు మొదటి పిక్ దక్కే అవకాశం 25 శాతం ఉండగా, మార్పు తరువాత చివరి మూడు జట్లకూ సమానంగా 14 శాతమే మిగిలింది.

కనుక నా మొగ్గు షరతులతో అమ్మకం వైపే. సీనియర్ ఆటలో ఇంకా పస ఉందని నమ్మే కొనుగోలుదారు ఎదుట ఉండి, ఆ జట్టు తన పిక్‌లను రక్షణ షరతులు లేకుండా ఇవ్వడానికి ఒప్పుకుంటే, ఒక ఏడాది ముందే అమ్మినా తప్పు లేదు, ఒక ఏడాది ఆలస్యమైతే మాత్రం ధర సగం కూడా పలకదు. అటువంటి కొనుగోలుదారు లేనప్పుడు నామమాత్రపు ధరకు తోలేయడం కంటే, మధ్యశ్రేణి ఆటగాడిని ఇచ్చి యువకుడిని తెచ్చుకుని, పెద్దల నిమిషాలు తగ్గించడం మేలు. అభిమానుల మనసు విరిగిపోతుందన్న భయంతో వెనుకాడే యాజమాన్యాలు బోస్టన్‌నే చూడవచ్చు: 2018లో పియర్స్ 34వ నంబరు జెర్సీనీ, 2022లో గార్నెట్ 5వ నంబరు జెర్సీనీ ఆ జట్టే గౌరవసూచకంగా తన కోర్టు కప్పుకు ఎగురవేసింది, జనం నిలబడి చప్పట్లు కొట్టారు.