హైదరాబాద్‌కు కొత్త గూడ్స్ టెర్మినళ్లు: ఊళ్లోనా, ఔటర్ రింగు రోడ్డు దాటాకా, రీజినల్ రింగు దగ్గరా?

ఊళ్లోని సనత్‌నగర్ గూడ్స్ టెర్మినల్‌నే విస్తరిద్దామనేవారి వాదనలో బలముంది. కంటైనర్ డిపో అక్కడే ఉంది, బాలానగర్, జీడిమెట్ల కార్ఖానాలు కూతవేటు దూరం. కానీ అసలు చిక్కు రైలుతో కాదు, లారీతో. రేకు, అంటే పూర్తి గూడ్సు బండి వ్యాగన్ల వరస, తెల్లవారుజామున వచ్చిందనుకోండి. హమాలీలు సిమెంటు బస్తాలు దించేసరికి పొద్దెక్కుతుంది. పగటిపూట భారీ లారీలకు నగరంలో ఆంక్షలు. గడువులోగా వ్యాగన్లు ఖాళీ కాకపోతే డెమరేజీ అనే రుసుము, దించిన బస్తాలు షెడ్డులోనే ఉండిపోతే వార్ఫేజీ అనే రుసుము. రెండూ చివరికి ఇల్లు కట్టుకునేవాడి నెత్తినే పడతాయి. పైగా మౌలాలి–సనత్‌నగర్ లైనులో 2024 నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు కూడా తిరుగుతున్నాయి.

రాబోయే రీజినల్ రింగు రోడ్డు పక్కన సరుకు దించి, నిల్వ చేసే ఒకే మహా లాజిస్టిక్స్ పార్కు కట్టాలన్నది రెండో ఆలోచన. భూమి చవక. రేకు ముక్కలు చేయకుండా నిలిపే 700 మీటర్ల లైన్లు కావలసినన్ని వేసుకోవచ్చు. అయితే అక్కడ దించిన సరుకు ఊళ్లోకి రావడానికి మళ్లీ యాభై కిలోమీటర్ల లారీ కిరాయి. ఆ లెక్క చూసిన వ్యాపారి ఫ్యాక్టరీ నుంచే లారీ మాట్లాడుకుంటాడు. ఇక ఇప్పటికే ఉన్న బాటసింగారం, మంగళ్‌పల్లి లాజిస్టిక్స్ పార్కుల సంగతి: ఔటర్‌కు దగ్గరే, గోదాములూ ఉన్నాయి, పట్టాలే లేవు!

నా ఓటు మూడోదానికి: ఔటర్ దాటిన వెంటనే, ఒక్కో లైనుపై ఒక మధ్యస్థ టెర్మినల్. కర్ణాటకలోని వాడి జంక్షన్ వైపు లైనులో నాగులపల్లి, కర్నూలు లైనులో తిమ్మాపూర్, కాజీపేట లైనులో బీబీనగర్. ఆ లైన్లలో ఎంఎంటీఎస్ ప్రస్తుతానికి తెల్లాపూర్, ఉందానగర్, ఘట్‌కేసర్ దగ్గర ఆగిపోతుంది. ఈ మూడూ వాటికి అవతల ఉన్నాయి. అంటే ఆ వైపుల నుంచి వచ్చే గూడ్సు బండి లోకల్ రైళ్ల పట్టాల మీదికే రానక్కరలేదు.

ముందుగా నాగులపల్లి. పటాన్‌చెరు మందుల కంపెనీల కంటైనర్లు ముంబయి వైపు రేవులకు వెళ్లాలంటే దారి అటే. లింగంపల్లి రద్దీలోకి వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లడం దేనికి? తర్వాత బీబీనగర్: పక్కనే పగిడిపల్లి వద్ద గుంటూరు లైను చీలుతుంది, కోస్తా రేవుల ఎరువులకు అనువు. తిమ్మాపూర్ టెర్మినల్ కొత్తూరు పరిశ్రమలకు చాలు, తొందర లేదు.

2021 నాటి రైల్వే గతిశక్తి కార్గో టెర్మినల్ విధానంతో ప్రైవేటువారూ వీటిని కట్టవచ్చు. స్టేషను నుంచి ఔటర్ దాకా లారీ రోడ్డు మాత్రం ప్రభుత్వమే వేయాలి, అదీ టెర్మినల్‌కన్నా ముందు.