మేపుల్ విత్తనాల కిట్టు: ఏడాది వాడిన తరువాత

ఇంట్లోనే విత్తనం నుంచి మేపుల్ చెట్టును పెంచుకోవచ్చని చెప్పి అమ్మే కిట్లలో ఒకదాన్ని తెప్పించుకుని, ఏడాదికి పైగా దానితో కుస్తీ పట్టిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. మేపుల్ గింజ మొలవడానికే నెలలు పడుతుంది కాబట్టి, పెట్టె విప్పిన రోజునే ఐదు స్టార్లు ఇచ్చి వెళ్ళిపోయిన వారి అభిప్రాయాలను నేను లెక్కలోకి తీసుకోలేదు.

పెట్టెలో జపనీస్ మేపుల్, షుగర్ మేపుల్, సిల్వర్ మేపుల్ విత్తనాల పొట్లాలు మూడు, కానుకగా ఇచ్చామంటూ ‘నీలి మేపుల్’ పొట్లం ఒకటి, నీళ్ళు పోస్తే ఉబ్బే కొబ్బరి పొట్టు బిళ్ళలు, చిన్న కుండీలు, పేర్లు రాసి గుచ్చుకునే చెక్క పుల్లలు, ఒక సూచనల కాగితం ఉన్నాయి. సామాను చూడముచ్చటగానే ఉంది. చిక్కంతా విత్తనాలతోనూ ఆ కాగితంతోనూ వచ్చింది.

మేపుల్ గింజకు ఒక పక్క పలుచని రెక్క ఉంటుంది. చెట్టు నుంచి రాలేటప్పుడు గిరగిరా తిరుగుతూ గాలివాటున దూరంగా పడడానికి అది ఉపయోగపడుతుంది తప్ప మొలకెత్తడానికి దానితో పని లేదు. జపనీస్, షుగర్ మేపుల్ గింజలు శరదృతువులో పక్వానికి వస్తాయి. అప్పుడే మొలిస్తే లేత మొక్క చలికి చచ్చిపోతుంది కనుక, గింజ తేమలో ఉంటూ చలికాలమంతా గడిపితేనే నిద్ర వదులుతుంది. ఇంట్లో ఆ చలికాలాన్ని మనం ఫ్రిజ్‌లో కల్పించాలి: తడిపి గట్టిగా పిండిన కొబ్బరి పొట్టులోనో ఇసుకలోనో గింజలను కలిపి, జిప్ కవరులో వేసి, 1 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. మంచు గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకూడదు. ఎండబెట్టి నిల్వ చేసిన జపనీస్ మేపుల్ గింజలకు ఇలా మూడు నుంచి నాలుగు నెలలు, షుగర్ మేపుల్‌కు రెండు మూడు నెలలు కావాలి. కాగితం మాత్రం అన్ని రకాలకూ కలిపి ముప్పై రోజులు చాలంటుంది.

అది నిజమో కాదో తేల్చుకుందామని జపనీస్ మేపుల్ గింజలు ఇరవయ్యింటినీ రెండు వాటాలు చేశాను. గోరువెచ్చని నీటిలో ఒక రోజంతా నానబెట్టమన్న సలహా సరైనదే. ఎండిన గింజ పెంకు గట్టిపడి నీటిని అంత సులువుగా పీల్చుకోదు. కాగితం చెప్పినట్లు ముప్పై రోజులకే బయటికి తీసిన పదింటిలో ఒక్కటి మొలిచింది. 110 రోజులు చల్లదనంలో ఉంచిన పదింటిలో ఆరు మొలిచాయి. షుగర్ మేపుల్ సంగతి ఇంకా వింతగా ఉంటుంది. అది దాదాపు 1 డిగ్రీ చలిలోనే బాగా మొలకెత్తే గింజ కాబట్టి, కవరు విప్పి చూసేసరికి ఫ్రిజ్‌లోనే నాలుగింటికి తెల్లని వేరు వచ్చేసింది. వారానికొకసారి కవరు తెరిచి చూడమనీ, వేరు కనబడిన గింజను వెంటనే మట్టిలోకి మార్చమనీ కాగితంలో ఒక్క వాక్యం ఉన్నా బాగుండేది.

ఈ కిట్టులో నేను క్షమించలేనిది సిల్వర్ మేపుల్ పొట్లం. ఆ చెట్టు గింజలు వసంతం చివర్లో రాలి, చలితో పని లేకుండా అప్పటికప్పుడే మొలుస్తాయి, నిల్వకు ఆగవు. వాటిలో తేమ సుమారు 30 శాతం కంటే తగ్గితే జీవం పోతుంది. అలాంటి గింజలను గలగలలాడేలా ఎండబెట్టి పొట్లం కట్టి అమ్మడమంటే చనిపోయిన విత్తనాన్ని అమ్మడమే. పదీ బూజు పట్టి కుళ్ళిపోయాయి. ఈ విషయం అమ్మకందారుకు వివరంగా రాస్తే, మర్యాదగా క్షమాపణ చెప్పి, అదే రకం పొట్లాన్ని మరొకటి పంపారు.

నీలి మేపుల్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పటంలో చూపించినంత నీలి ఆకులున్న మేపుల్ లోకంలో లేదు. కుతూహలం కొద్దీ నాటితే, మొలిచిన ఒక్క మొక్కా నిక్షేపంగా ఆకుపచ్చగానే ఉంది.

పెట్టె మీది జపనీస్ మేపుల్ బొమ్మ కూడా కొంత మోసమే. జాలీలా సన్నగా చీలిన ముదురు ఎరుపు ఆకుల చెట్లను అంటు కట్టి పెంచుతారు. వాటి గింజలు నాటినా తల్లి పోలిక తప్పకుండా వస్తుందన్న హామీ లేదు. నాకు వచ్చిన వాటిలో రెండింటికి ఎర్రని ఆకులు, మిగతా వాటికి పచ్చనివి. నిజానికి విత్తనం నుంచి పెంచడంలోని సరదా అంతా ఇదే అని నా అభిప్రాయం. ఏ మొలక ఏ రంగు తొడుక్కుంటుందోనని రోజూ ఉదయాన్నే వెళ్ళి చూసేవాణ్ణి. మొదట వచ్చేవి నాలుకల్లా పొడుగ్గా ఉండే బీజదళాలు. వాటి తరువాత ఎదురెదురుగా వచ్చే జత ఆకులలోనే మేపుల్ రూపు కనిపిస్తుంది. ఆ జత వచ్చేదాకా కలుపు మొక్కేమోనన్న అనుమానం నన్ను వదలలేదు.

కొబ్బరి పొట్టు బిళ్ళలు గింజ మొలవడానికి పనికొస్తాయి గాని మొలకను నిలబెట్టవు. అవి నీటిని పట్టుకుని వదలవు. ఆ చెమ్మలో నారుకుళ్ళు తెగులు సోకి, మొదలు దగ్గర కాండం మెత్తబడి రెండు జపనీస్ మొలకలు ఒక్క రాత్రిలో ఒరిగిపోయాయి. మిగిలిన వాటిని ముతక ఇసుక కలిపిన మట్టిలోకి, లోతైన కుండీల్లోకి మార్చాక నష్టం ఆగింది. షుగర్ మేపుల్ వేరుకు కిట్టులోని కుండీ లోతు బొత్తిగా చాలదు.

అన్నిటికంటే ముఖ్యమైనది కాగితంలో లేనే లేదు. మేపుల్ ఇంటి లోపల కిటికీ పక్కన బతికే మొక్క కాదు. గింజకే కాదు, మొక్కకూ ఏటా ఆకులు రాల్చి చలిలో విశ్రాంతి తీసుకునే కాలం కావాలి. చలికాలమే లేని వాతావరణంలో ఉన్నవారు ఈ కిట్టు కొనకపోవడమే మేలు. చలి ఉన్నచోట శరదృతువులో మేపుల్ చెట్టు కింద గుప్పెడు తాజా గింజలు దొరికే వారికి ఇది అవసరం లేదు. తాజా గింజ దొరకని వారికి జపనీస్, షుగర్ పొట్లాలు రెండూ పనికొచ్చాయి కాబట్టి ఐదుకు రెండు స్టార్లు ఇస్తున్నాను.

ఐదు జపనీస్ మొక్కలూ చలికాలమంతా ఆరుబయటే గడిపి, ఈ వసంతంలో మళ్ళీ చిగురించాయి. కిట్టులోని సామానులో నేను ఇప్పటికీ వాడుతున్నవి చెక్క పుల్లలు మాత్రమే. వాటిలో ‘నీలి మేపుల్’ అని రాసిన పుల్లను మాత్రం తిప్పి గుచ్చాను.