అనుకోకుండా రెండు రోజులు ఖాళీ దొరికితే: తకమత్సూనా, మత్సుయామానా?

జపాన్‌లో ఉంటున్న మనవాళ్లు చాలామంది టోక్యో, క్యోటో, ఒసాకా తిరిగేశాక ఇంకెక్కడికి వెళ్లాలని అడుగుతుంటారు. షికోకు దీవికి వెళ్లమంటాను. అక్కడ తకమత్సూ, మత్సుయామా రెండూ మంచి ఊళ్లే. కానీ శుక్రవారం రాత్రి అనుకుని శనివారం పొద్దున బయల్దేరేవాళ్లకు మాత్రం తకమత్సూయే మేలు.

మొదటి కారణం దారి. ఒసాకా నుంచి షింకాన్సెన్ (బుల్లెట్ రైలు)లో ఒకాయామాకు ముప్పావు గంట. అక్కడ మెరైన్ లైనర్ అనే రైలు ఎక్కితే గంటలోపే తకమత్సూ. రిజర్వేషన్ లేకపోయినా ఎక్కొచ్చు. 1988లో తెరిచిన సెతో ఒహాషి వంతెన మీద పైన కార్లు, కింద మన రైలు, అటూ ఇటూ దీవులు. ఆ కాసేపూ ఫోన్ పక్కన పెట్టేయండి. మత్సుయామాకైతే అదే ఒకాయామా నుంచి రెండున్నర గంటల పైనే పడుతుంది. రానూ పోనూ లెక్కేస్తే ఒక పూట రైల్లోనే అయిపోతుంది.

తకమత్సూలో స్టేషన్, ఓడరేవు, సముద్రపు నీటితో నిండే కందకం ఉన్న పాత కోట, అన్నీ నడిచే దూరంలోనే. అసలు చూడాల్సింది రిత్సురిన్ తోట. వందేళ్లకు పైగా పెంచుతూ వచ్చి 1745లో పూర్తి చేశారు. సూర్యోదయానికే తెరుస్తారు. ఆ వేళ వెళ్తే జనం తక్కువ. ఒక్కో పైన్ చెట్టునూ తరాలుగా కత్తిరించి తీర్చిన పనితనం తీరిగ్గా చూడొచ్చు. ఈ తోటకు రావాల్సినంత పేరు రాలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తిండి విషయానికొస్తే, ఇది ఉదోన్ ఊరు, అంటే పులుసులో వేసి ఇచ్చే లావుపాటి గోధుమ నూడుల్స్. చాలా కొట్లు పొద్దున్నే తెరిచి మధ్యాహ్నానికి మూసేస్తాయి కాబట్టి భోజనం ముందే కానివ్వాలి. శాకాహారులు జాగ్రత్త. ఆ పులుసు ఎండుచేపలతో కాస్తారు. ఉత్త సోయా సాస్‌తో ఇస్తారా అని అడగండి, అందులో కూడా చేపరసం కలిపారేమో కనుక్కోండి.

మరి మత్సుయామా? అక్కడి కోట ప్రధాన బురుజు, జపాన్‌లో తిరిగి కట్టకుండా పాతవే మిగిలిన పన్నెండు కోట బురుజుల్లో ఒకటి. కొండ మీదికి రోప్‌వే ఉంది. ట్రామ్ ఎక్కితే దోగో ఆన్సెన్ అనే వేడినీటి బుగ్గల స్నానశాల. 1894 నాటి ఆ చెక్క భవనం ఏళ్లపాటు మరమ్మతులు జరిగి, 2024లో పూర్తిగా తెరుచుకుంది. ఆడవాళ్లకు, మగవాళ్లకు స్నానం విడివిడిగానే, కానీ ఒంటి మీద బట్టలుండకూడదు. ఇబ్బందిగా అనిపించేవాళ్లు బయట నుంచి చూసినా బాగుంటుంది. హైకూలు చదివే తెలుగువాళ్లకైతే ఇదే నా సలహా: తకమత్సూ వదిలేసి మత్సుయామాకే వెళ్లండి. హైకూ కవి మసఓకా షికి 1867లో పుట్టిన ఊరది. హైకూ రాసి వేయడానికి ఊళ్లో అక్కడక్కడా పోస్టు పెట్టెలుంటాయి. ఆ ఊరికి మాత్రం రెండు రాత్రులు కేటాయించాలి. హడావిడిగా చూస్తే అన్యాయం చేసినట్టే.

తకమత్సూ నుంచి ఓడలో, కళా మ్యూజియంలున్న నవోషిమా దీవికి వెళ్దామనుకుంటే ఒక్క మాట. అక్కడి మ్యూజియంలు చాలావరకు సోమవారం మూసి ఉంటాయి, చిచూ మ్యూజియానికి ముందే ఆన్‌లైన్ టికెట్ తీసుకోవాలి. టికెట్ దొరక్కపోతే ఆ పూట కొంపిరా గుడికి వెళ్లండి. 785 మెట్లెక్కాలి. దానికి ఏ బుకింగూ అక్కర్లేదు.