పికప్ మార్చిన పాత పసిఫికా: ఏడేళ్లు వాయించాక

యమహా పసిఫికా 112 అనే ఎలక్ట్రిక్ గిటార్‌ని సెకండ్ హ్యాండ్‌లో 14 వేలకు తీసుకుని ఏడేళ్లయింది. విశాఖలో మా చర్చిలో ప్రతి ఆదివారం దీన్నే వాయిస్తున్నాను. అమ్మినతను బ్రిడ్జ్ (తీగలు బాడీ మీద ఆనే చోటు) దగ్గరి హంబకర్, అంటే రెండు కాయిల్స్ ఉన్న పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) తీసేసి, సీమోర్ డంకన్ కంపెనీ జేబీ అనే హంబకర్ వేయించాడు. మిగతా రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు గిటార్‌తో వచ్చినవే.

పికప్ నిజంగా జేబీయేనా అని కొనే ముందే చూసుకున్నాను. కేబుల్ గుచ్చి, సెలెక్టర్ (ఏ పికప్ మోగాలో ఎంచుకునే స్విచ్) బ్రిడ్జ్ వైపు పెట్టి, వాల్యూమ్ ఫుల్ చేసి, కేబుల్ రెండో కొసకు మల్టీమీటర్ ఆనిస్తే 16 కిలో ఓమ్‌ల దగ్గర చూపించింది. జేబీకి అంతే రావాలి. పాతకాలపు తరహా హంబకర్లయితే 7, 8 దగ్గరే ఆగుతాయి.

తేడా మొదటి ఆదివారమే తెలిసింది. అంతకుముందు నా దగ్గరున్న గిటార్ కీబోర్డు, రిథమ్ ప్యాడ్, క్వయర్ గొంతుల మధ్య మునిగిపోయేది. జేబీలో మిడ్స్ (మధ్య స్థాయి స్వరాలు) గట్టిగా ఉంటాయి, కొంచెం డ్రైవ్ (సౌండ్‌ని గరుకు చేసే ఎఫెక్ట్) కలిపితే ఒక్కో నోటూ వెనక బెంచీ దాకా విడిగా వినిపిస్తుంది. పైగా హంబకర్‌లో రెండు కాయిల్స్ ఉండి, కరెంటు తెచ్చే 50 హెర్ట్జ్ మోతను ఒకదానిది ఒకటి కొట్టేస్తాయి. సింగిల్ కాయిల్‌కి మార్చానో లేదో ఆ గుయ్‌మనే మోత మళ్లీ మొదలు. అందుకే ప్రార్థన జరిగేటప్పుడు వాల్యూమ్ సున్నాకి తిప్పేస్తాను.

నన్ను ఏడిపించింది పికప్ కాదు, దాన్ని వేసిన పనితనం. రెండో ఏడు క్రిస్మస్ ఆరాధనలో పాట మధ్యలో సౌండ్ ఆగిపోయింది. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ఇంటికొచ్చి పిక్‌గార్డ్ (పికప్‌లు బిగించిన ప్లాస్టిక్ పలక) విప్పితే సెలెక్టర్ మీద సోల్డర్ ముద్దలా, బూడిద రంగులో ఉంది. వేలితో కదిపితే వైరు ఊడి చేతికొచ్చింది. మా వీధిలో టీవీలు బాగుచేసే అన్న పాత సోల్డర్ అంతా తీసేసి కొత్తగా అతికించాడు, వంద రూపాయలు తీసుకున్నాడు. మళ్లీ పోలేదు. పికప్ మార్చిన గిటార్ కొంటుంటే పిక్‌గార్డ్ విప్పి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే నేనైతే కొనను.

జేబీ సౌండ్ పెద్దది కాబట్టి పక్క పికప్‌కి మారితే ఒక్కసారిగా తగ్గిపోయేది. స్క్రూలు తిప్పి జేబీని కిందికి దించుతూ, విని చూస్తూ రెండు సాయంత్రాలు కూర్చుంటే కుదిరింది.

సముద్రపు గాలికి బ్రిడ్జ్ స్క్రూలు తుప్పు పట్టాయి, తీగలు నెలన్నరకే నల్లబడతాయి. వానాకాలంలో నెక్ కాస్త వంగుతుంది, నెక్ లోపలుండే ట్రస్ రాడ్‌ని పావు చుట్టు తిప్పితే సర్దుకుంటుంది. ట్రెమోలో (బ్రిడ్జ్‌ని కదిపి స్వరాన్ని ఊగించే ఏర్పాటు) వాడితే ట్యూనింగ్ నిలవదు, దాని రాడ్ తీసి పెట్టేశాను.

ఇప్పుడు మొదటి మూడు ఫ్రెట్ల (నెక్ మీది లోహపు గీతలు) మీద గాట్లు పడి బీ తీగ జిరజిరమంటోంది. ఈస్టర్ అయ్యాక ఆ ఫ్రెట్లు మార్పిస్తాను. జేబీని మాత్రం కదిలించను.