కుక్క మణికట్టు పట్టీ: ఏడాదిన్నర వాడాక

ముందే చెప్పేస్తా, కుక్క ముందు కాలి మణికట్టుకి, అంటే పాదం పైనుండే కీలుకి, చుట్టే ఈ పట్టీకి నేనిచ్చేది అయిదుకి మూడు మార్కులు. మా కుక్క కాలు బాగుపడిందా అంటే బాగుపడింది. పట్టీ వల్లేనా అంటే మాత్రం కొంచెం పెద్ద కథ చెప్పాలి.

మా వాడి పేరు బ్రూనో. లాబ్రడార్. అమ్మకి ఆ పేరు నోరు తిరక్క 'బూరె' అంటుంది, వాడు రెండిటికీ పలుకుతాడు. వాడికి పద్నాలుగు నెలలప్పుడు, 2023 ఫిబ్రవరిలో, రోజూ తెల్లారేసరికి విశాఖపట్నం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళి ఫ్రిస్బీ ఆడించేవాణ్ణి. గాల్లోకి లేచి నోటితో పట్టుకుని ముందు కాళ్ళ మీద దిగేవాడు. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు ఆగి వీడియోలు తీసుకునేవారు, నాకు ఛాతీ ఉబ్బేది. కుక్క ఊరికే నిలబడినా ఒంటి బరువులో అరవై శాతం దాకా ముందు కాళ్ళే మోస్తాయి. ముప్పై నాలుగున్నర కిలోల శాల్తీ పైనుంచి దిగితే ఆ మణికట్ల మీద ఎంత పడుతుందో అప్పుడు నాకు తట్టలేదు.

కింద పడిందీ లేదు, కుయ్యిమన్నదీ లేదు. ఒక మధ్యాహ్నం నిద్రలేచి కుడి ముందు కాలు ఆనీ ఆనకుండా పెట్టాడు. నాలుగడుగులు వేసేసరికి మామూలైపోయాడు. ముల్లేమోనని వేళ్ళ సందులన్నీ వెతికాం, ఏమీ లేదు. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో ఒక ఇంజెక్షన్ చేసి అయిదు రోజులకి మెలాక్సికామ్ అనే నొప్పి మాత్రలు రాసిచ్చారు. మూడో రోజుకే గెంతులు. పది రోజులకి మళ్ళీ కుంటు. మళ్ళీ మాత్రలు, మళ్ళీ గెంతులు. మూడు నెలల్లో మూడు సార్లు ఇదే తంతు. డాక్టరు గారు "రెస్ట్ ఇవ్వండి" అని మొదటి రోజే అన్నారు. ఎన్నాళ్ళు, ఎలా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. నొప్పి తెలియకపోయేసరికి వాడు బెణికిన కాలితోనే ఎగిరాడు, ఎగిరించింది నేనే.

ఈ మధ్యలో పక్క ఫ్లాట్ అంకుల్ తను మోకాళ్ళకి వేసుకునే డైక్లోఫెనాక్ మాత్ర సగం వేయమని ఇచ్చారు. వేయలేదు. ఆ మందు పశువులకి వాడటాన్ని మన దేశంలో 2006లో ఆపేసింది రాబందుల కోసం. ఆ మందు పడిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయేవి. కుక్క సంగతి వేరనుకోండి, కానీ డైక్లోఫెనాక్ అయినా ఐబుప్రోఫెన్ అయినా మనుషుల నొప్పి మాత్ర కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. మీ అపార్ట్‌మెంట్‌లో కూడా ఇలాంటి అంకుల్ ఒకరు ఉండే ఉంటారని రాస్తున్నా.

మే నెలలో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ముందు వాణ్ణి నడిపించి చూశారు. నొప్పి ఉన్న ముందు కాలు నేలకి ఆనినప్పుడు కుక్క తల పైకి లేస్తుందట, మంచి కాలు ఆనినప్పుడు దిగుతుందట. నా ఫోన్‌లోనే స్లో మోషన్‌లో తీసి చూపించారు. మూడు నెలలు కళ్ళ ముందు తిరిగిన కుక్క తల అలా ఊగుతోందని నేను చూడనే లేదు. తర్వాత రెండు మణికట్లూ వంచి చూశారు. కుడిది వెనక్కి వంచగానే వాడు మూతి నాక్కుని తల పక్కకి తిప్పుకున్నాడు. "చూశారా, వీడు నొప్పి అని ఇలాగే చెప్తాడు" అన్నారావిడ. రక్త పరీక్ష చేయించి, మత్తిచ్చి, నిలబడినప్పుడు బరువు పడే తీరులో కాలిని వంచి పట్టుకుని ఎక్స్‌రే తీశారు. మామూలుగా పడుకోబెట్టి తీస్తే ఎముకలు బాగానే కనపడతాయి, ఎముకల్ని కీలు దగ్గర కలిపి పట్టే తాళ్ళలాంటి లిగమెంట్లు ఎక్స్‌రేలో కనపడవు, అందుకని ఇలా తీయాలట. కీలు వెనక వైపు లిగమెంట్లు సాగి కొంత చిరిగాయి, పూర్తిగా తెగలేదు. తెగి ఉంటే మణికట్టు కుంగి నేలకి ఆనిపోయేది, అప్పుడు ప్లేటు వేసి కీలుని కదలకుండా అతికించేయడమే దారి అన్నారు. లిగమెంటుకి రక్త ప్రసారం తక్కువ, మానడానికి నెలలు పడుతుంది. "ఏడాది మాట అనుకోండి" అన్నారు. నాకు కాళ్ళాడలేదు.

మొదటి నాలుగు వారాలు స్ప్లింట్, అంటే కాలు కదలకుండా కట్టే బద్దకట్టు. వారానికోసారి విప్పి కట్టించాలి. మధ్య రెండు వేళ్ళూ కట్టు బయటికి కనపడతాయి, వాటి గోళ్ళు దూరం దూరంగా జరిగితే లోపల వాచిందని అర్థం, వెంటనే తీసుకురమ్మన్నారు. రోజుకి మూడు సార్లు ఆ గోళ్ళే చూస్తూ కూర్చునేవాణ్ణి. మాది మూడో అంతస్తు. లిఫ్ట్ ఆగిన రోజుల్లో వాణ్ణి చేతుల మీద మోసుకుంటూ దిగాను. నా నడుముకి సమీక్ష ఎవరూ అడగరు కాబట్టి వదిలేద్దాం.

స్ప్లింట్ తీశాక జూన్‌లో పట్టీ మొదలైంది. వెట్‌సూట్లకి వాడే నియోప్రీన్ గుడ్డ, రెండు వెల్క్రో పట్టీలు. ఆన్‌లైన్‌లో జత పద్నాలుగు వందలు పడింది. మొదట సైజు తప్పింది. బరువుని బట్టి ఎంచుకోమని పెట్టెమీద ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. కుక్క నిలబడి ఉండగా మణికట్టు పైనా కిందా టేపుతో కొలవండి. వదులుగా ఉంటే జారి పాదం మీదికి వచ్చి వాడు దాన్నే తొక్కుతాడు. బిగిస్తే పాదం వాస్తుంది. వేశాక కింద వేలు దూరాలి, రెండు వేళ్ళు దూరకూడదు, నాకు అర్థమైన లెక్క ఇది.

విశాఖపట్నం ఉక్కలో నియోప్రీన్ అంటే ఎలా ఉంటుందో వేసవిలో మీరే ఒక జాకెట్టు వేసుకుని చూడండి. మొదటి వారం పొద్దుట వేసి సాయంత్రం తీసేవాణ్ణి. లోపలి వైపు ఉండే చిన్న పక్క గోరు దగ్గర ఎర్రగా కమిలి, వెంట్రుకలూడి, పులిసిన వాసన వచ్చింది. అప్పటినుంచి బయటికి వెళ్ళినప్పుడు మాత్రమే, రెండు గంటలు దాటకుండా, రాత్రి అసలు వేయకుండా వాడుతున్నాం. ఇంటికి రాగానే మంచి నీళ్ళలో జాడించి నీడలో ఆరేస్తా. ఉప్పు ఆరిపోతే గుడ్డ అట్టకడుతుంది. ఇక వెల్క్రో. బీచ్ ఇసుక, కుక్క బొచ్చు రెండూ చేరితే దానికి పట్టు ఉండదు. పేల దువ్వెనతో దువ్వితే శుభ్రంగా వస్తుంది, టూత్‌బ్రష్ కంటే చాలా నయం. అయినా అయిదు నెలలకి మొదటి జత పని అయిపోయింది.

రెండోది మూడు వేల రెండు వందలు పెట్టి, పక్కన సన్నటి ప్లాస్టిక్ బద్దలున్నది కొన్నా. ఇది ఇప్పటికీ ఉంది. బద్దలు లేనిదాంతో పోలిస్తే మణికట్టు వెనక్కి వంగడం కొంచెం తగ్గుతుంది. కొంచెమే. మొదటి రకం కీలుని పట్టి ఆపుతుందని ఎవరైనా అంటే నమ్మకండి, చేత్తో వంచి చూస్తే మీకే తెలుస్తుంది. వెచ్చగా ఉంచుతుంది, అంతే. దానివల్ల నాకు కలిగిన లాభం ఇంకోటుంది. కాలికి పట్టీ చూసి బీచ్‌లో పిల్లలు బంతి విసరడం మానేశారు, మిగతా కుక్కల వాళ్ళు వాళ్ళ కుక్కల్ని లాక్కున్నారు. నేను కూడా లీష్ వదలడానికి జంకాను. మూడు మార్కుల్లో రెండు అందుకే.

కాలు బాగుచేసిన వాటిలో మొదటిది మా ఇంటి నేల. ఇల్లంతా నున్నటి విట్రిఫైడ్ టైల్స్. కాలింగ్ బెల్ మోగినప్పుడల్లా వాడు జారుతూ తలుపు దగ్గరికి పరిగెత్తేవాడు, రోజుకి ఇరవై సార్లు అదే కీలు మెలిక పడేది. హాల్ నుంచి గుమ్మం దాకా యోగా మ్యాట్లు పరిచాం. ఇల్లు వ్యాయామశాలలా తయారైందని మా ఆవిడ గొడవ. వేళ్ళ మధ్య పెరిగే బొచ్చు, గోళ్ళు పదిహేను రోజులకోసారి కత్తిరిస్తున్నాం. బెల్ తీసేసి, వచ్చేముందు ఫోన్ చేయమని అందరికీ చెప్పాం.

రెండోది బరువు. ఇక్కడ పోరాటం అమ్మతో. నెయ్యి వేసిన పప్పన్నం, రాత్రి పెరుగన్నం, మధ్యలో మారీ బిస్కెట్లు. "ఏట్రా, నోరులేని జీవిని కట్టీసి ఉంచడమే కాకుండా కడుపు కూడా మాడుస్తావా" అనేది. అమెరికాలో ప్యూరినా కంపెనీ వాళ్ళు 48 లాబ్రడార్లని కూనలప్పటి నుంచీ పోయేదాకా చూసిన సంగతి చెప్పాను. వాటిని జతలుగా చేసి, ప్రతి జతలో ఒకదానికి పాతిక శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, కీళ్ళ అరుగుదల కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. 2002లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి. అమ్మ అంతా విని "అయితే పెరుగన్నంలో నెయ్యి వెయ్యను" అంది. పెరుగన్నంలో నెయ్యి వేస్తోందని నాకు అప్పుడే తెలిసింది. ఎనిమిది నెలల్లో ముప్పై కిలోలకి దిగాడు.

మూడోది నడక. లీష్ మీద అయిదు నిమిషాలు, రోజుకి మూడు సార్లు, నిదానంగా. వారం రోజులు కుంటు లేకపోతే ఇంకో అయిదు నిమిషాలు. పొడి ఇసుకలో కాలు దిగబడి మెలి తిరుగుతుంది, అందుకని అల తగిలి గట్టిపడ్డ తడి ఇసుక మీదే. సముద్రంలో ఈత కుదరదు, ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు మనుషుల్నే వదలవు. భీమిలి వైపు ఒక స్నేహితుడి తోటలో మడుగు ఉంది. ఆదివారాలు అక్కడ ఛాతీలోతు నీళ్ళలో నడిపించాం. గట్టు మీంచి దూకనివ్వకుండా పట్టుకోవడమే అసలు కష్టం.

కీళ్ళకి మంచిదని అమ్మే గ్లూకోసమైన్ నమిలే మాత్రలు ఆరు నెలలు వాడాం, ఆపాక తేడా కనపడలేదు. నొప్పికి లేజర్ చికిత్స ఎనిమిది సిట్టింగులు, వాడు హాయిగా నిద్రపోయాడు, అంతకంటే నేను చెప్పగలిగింది లేదు. చేప నూనె కొనసాగుతోంది.

దీపావళికి పెద్ద ఎదురుదెబ్బ తగిలింది. కింద లక్ష్మీ బాంబు పేలగానే వాడు మ్యాట్లు లేని వంటింట్లోకి దూకి జారాడు. మర్నాడు మళ్ళీ తల ఊగడం మొదలు. అయిదు నిమిషాల నడక దగ్గరికి తిరిగొచ్చాం. ఆ మూడు వారాలు నాకు మొదటి మూడు నెలల కంటే టెన్షన్. ఈసారి మాత్రం మాత్ర వేసినా లీష్ వదల్లేదు.

ఇప్పుడు వాడికి మూడేళ్ళు. గంట సేపు నడుస్తాడు, బంతి నేల మీద దొర్లిస్తే పరిగెత్తి తెస్తాడు. ఎత్తుగా ఏదీ విసరం. ఆ ఫ్రిస్బీ అమ్మ దగ్గరుంది, వడియాల పిండికి మూత. పొద్దుట చలిగా ఉన్న రోజుల్లో లేచేటప్పుడు మొదటి రెండడుగులు ఇప్పటికీ బిగుసుకుపోయినట్టు వేస్తాడు. నెలకోసారి స్లో మోషన్ వీడియో తీసి పాతదాని పక్కన పెట్టి చూసుకుంటాను. పట్టీ బీచ్‌కి వెళ్ళే రోజుల్లోనే వేస్తున్నాం.

కొనేవాళ్ళకి ఒక్క మాట. బద్దలున్న రకంలో కుడి ఎడమలు వేరు, కానీ జతగానే అమ్ముతారు. మాకు కావాల్సింది కుడిదొక్కటే. పెద్ద సైజు ఎడమ కాలిది అల్మరాలో కవరు కూడా విప్పకుండా అలాగే ఉంది.